లేని తోడేలుకు తూటా

తోడేలు అన్న మాట తన నోట్లోంచి ఎందుకొచ్చిందో మొహిద్దీన్‌కే తెలియదు. నక్క అని ఉండొచ్చు. ఊరకుక్కలు అని ఉండొచ్చు. జబ్బు చేసి చచ్చాయని నిజానికి కాస్త దగ్గరగా ఏదో గొణిగి ఊరుకోవచ్చు. అవేమీ కాదు, తన కఫీలు, ఆ సౌదీ యజమాని ముఖంలోకి సూటిగా చూస్తూ "దీబ్" అన్నాడు, అరబ్బీలో. తోడేలట! అబద్ధమాడేవాడికి కాస్తయినా పొదుపు ఉండాలి. ఈయనకు అదీ లేదు.

గులాం మొహిద్దీన్‌ది రాయచోటి పక్కన పల్లె. సౌదీలో, బురైదా ఊళ్ళో, ఈ కఫీలు అబూ సాలెహ్ ఇంటికి డ్రైవరు. భార్య ఖాసింబీ ఆ ఇంట్లోనే వంట చేస్తుంది. వెనకవైపు గోడకానుకుని ఉన్న గదిలో ఇద్దరి కాపురం. అబూ సాలెహ్‌కు ఊరి చుట్టూ ఖర్జూర తోటలున్నాయి, తోటలు దాటాక ఎడారిలో ఒక గొర్రెల మంద ఉంది. ఆ మందను కాసేది భూషణం. జగిత్యాల వైపు గొల్లల ఇంట పుట్టినవాడు, మాట మెత్తన, మనిషి మరీ మెత్తన. నీళ్ళూ బార్లీ బస్తాలూ రొట్టెలూ పికప్‌లో వేసుకుని వారం వారం వాడి దగ్గరికి పోయేది మొహిద్దీనే. ఆ ఎడారిలో భూషణం తెలుగు మాట్లాడేది ఆ ఒక్క రోజే.

మొన్న పోయేసరికి భూషణం కంచె అవతల ఇసకలో కూలబడి ఉన్నాడు. ముందు రెండు కొత్త దిబ్బలు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఏమప్పా, ఏమైంది?"

"రెండు సచ్చినయి అన్నా. సూడి జీవాలు. నేనే సంపుకున్న."

విషయం ఇంతే. వాళ్ళ ఊళ్ళో ఈనబోయే గొర్రెకు గింజ దొరకడమే గొప్ప. ఇంట్లో వాళ్ళు తినే జొన్నల్లోంచి ఇంత దోసిట్లో పోసి, ఆడబిడ్డకు పెట్టినట్టు మురిపెంగా తినిపిస్తారు. ఇక్కడ చూస్తే బార్లీ బస్తాల మీద బస్తాలు. చలి పడిందని, తల్లులు బక్కగా ఉన్నాయని, వాడికి ప్రేమ పొంగింది. ఆ రెంటికీ పెద్ద బేసిను నిండా పోసి ముందు పెట్టాడు. అవి ఆబగా తిన్నాయి. తెల్లారేసరికి పొట్టలు డోలుల్లా ఉబ్బి కాళ్ళు చాపేశాయి.

"ఇగ నన్ను ఉండనియ్యడు గదా అన్నా? జావీద్‌ను పంపినట్టే పంపుతడు గదా?"

జావీద్ అంటే భూషణం కంటే ముందున్న కాపరి, బంగ్లాదేశీ. ఒక గొర్రె దారి తప్పి రోడ్డు మీదికెళ్ళి లారీ కింద పడింది. ఆ సాయంత్రానికే అబూ సాలెహ్ అతనికి ఎగ్జిట్ కొట్టించి విమానం ఎక్కించాడు. ఏడుస్తున్న ఆ మనిషిని ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళింది మొహిద్దీనే. మళ్ళీ అలాంటి ప్రయాణం చేయడం అతనివల్ల కాదు.

"నువ్వు నోరు మూసుకోనుండు. నేను చెప్పుకుంటా పో" అన్నాడు భరోసాగా.

చెప్పుకున్నాడు కదా, తోడేలని!

అబూ సాలెహ్ కోప్పడతాడని మొహిద్దీన్ బిగుసుకుని నిలబడ్డాడు. అరవై దాటిన ఆ పెద్దమనిషికి కోపం రాలేదు సరికదా, మజ్లిస్ గదిలో దిండుకు ఆనుకున్నవాడల్లా నిటారుగా లేచి కూర్చున్నాడు. కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా మెరిశాయి.

"తోడేలా! ఏ వైపు నుంచి వచ్చింది?"

"ఇసక దిబ్బల వైపు నుంచి, బాబా."

"అడుగులు చూశావా?"

"చూశాను, బాబా. ఇంతింత ఉన్నాయి."

చేతులు చాపి చూపించాడు. ఆ చూపించిన కొలతకు తోడేలు కాదు, ఒంటె సరిపోతుంది. అయినా ముసలాయన తల ఊపాడు. కాఫీ పోయించుకుని, తన తాతల నాటి తోడేళ్ళ కథలు ఎత్తుకున్నాడు. గొర్రెలు పోయాయన్న ఊసే లేదు. మొహిద్దీన్ బయటికొచ్చి, అమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాడు.

ఏం గడిచింది? రాత్రి అన్నం దగ్గర ఖాసింబీ చల్లగా చెప్పింది.

"ఏమయ్యో, వినినావా? ముసలాయన తుపాకీ కొంటాడంట. రాత్రిపూట పోయి తోడేల్ని కొడతాడంట. లోపల ఆడోళ్ళకంతా ఒకటే చెప్తాండాడు. ఖమీస్ ముషైత్‌లో ఉండే బావమరిదికి కూడా ఫోన్ చేసినాడు."

మొహిద్దీన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు చెప్పాడు భార్యకు అసలు సంగతి. ఖాసింబీ వింటూ వింటూ నెత్తి కొట్టుకుంది.

"నీ నోట్లో మన్ను బడ! అబద్ధం చెప్పేముందు నన్నొక మాట అడిగినావా? ల్యాని తోడేలు యాడినుంచి వస్తాదయ్యా? ఆ పొద్దు తుపాకీ పట్టుకోని కూర్చున్న మనిషి ఉత్త చేతుల్తో లేచొస్తాడా? ఏదో ఒగదాన్ని కాల్చేదానికే గదా పోయేది!"

"రెండు మూడు రాత్రులు కూర్చుంటాడు. చలికి తట్టుకోల్యాక వాడే మానుకుంటాడు లే."

"భూషణం యాడ పండుకుంటాడు?"

భూషణానికి ఖైమా, అంటే గుడ్డ డేరా ఉంది, అందులో ఇనుప మంచం ఉంది, కానీ వాడు దానిమీద పడుకున్న పాపాన పోలేదు. మంద నిద్రపోయే చోటే కాపరి నిద్రపోవాలనేది వాడి తండ్రి తాతల నాటి పద్ధతి. ఊరి నుంచి తెచ్చుకున్న నల్ల గొంగడి నెత్తి మీంచి కప్పుకుని గొర్రెల పక్కనే ముడుచుకుంటాడు. ఏ తల్లి మూలిగినా మోకాళ్ళ మీద పాక్కుంటూ పోయి చీకట్లోనే తడిమి చూస్తాడు. లైటు వేస్తే జీవాలు బెదురుతాయంటాడు. చీకట్లో మోకాళ్ళ మీద నడిచే నల్లటి ఆకారం ఎలా ఉంటుందో మొహిద్దీన్‌కు వేరే చెప్పక్కర్లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండు రోజుల తర్వాత అబూ సాలెహ్‌ను వేట సామాను దుకాణానికి తీసుకెళ్ళాడు. లైసెన్సు కాగితం ముసలాయన జేబులో భద్రంగా ఉంది. దుకాణంవాడు నడివయసు సౌదీ, తొందర లేని మనిషి. అడిగినవన్నీ తీసి బల్ల మీద పరిచిన పచ్చగుడ్డ మీద పెట్టాడు.

"రాత్రి పూటకా?"

"రాత్రి పూటకే. మంద మీద పడుతున్న తోడేలు" అన్నాడు అబూ సాలెహ్, గొంతులో గర్వం దాచుకోకుండా.

"తోడేళ్ళను చంపడం మీద నిషేధం ఉంది, మామా. అధికారుల్ని అడిగి వెళ్ళండి."

"నా మంద మీద పడితే నన్నెవరు అడుగుతారు?"

దుకాణంవాడు వాదించలేదు. సన్నటి తుపాకీ ఒకటి చేతికిచ్చాడు. "ఇది ట్వంటీటూ. చప్పుడు తక్కువ, తూటా చిన్నది. కుందేలుకు చాలు. తోడేలుకు తగిలితే మాత్రం చావదు, గాయంతో పరిగెత్తి ఎక్కడో పడి నాలుగు రోజులు నరకం చూస్తుంది. పాపం మీకు." రెండోది షాట్‌గన్. "గొర్రెల దగ్గర అయితే నేను దీన్నే ఇస్తాను. దీంట్లో తూటా ఉండదు, గుళ్ళు ఉంటాయి. దగ్గర్లో ఉన్నదాన్ని పడగొడతాయి, కాస్త దూరం పోయి నేలరాలిపోతాయి."

"మరి అది?" అన్నాడు అబూ సాలెహ్, గోడకున్న పొడవాటి నల్ల తుపాకీని చూపిస్తూ.

"త్రీ నాట్ ఎయిట్. కొండల్లో వేటకు మంచిది."

"ఖమీస్ ముషైత్‌లో నా బావమరిదికి ఉంది."

"ఆయన ఉండేది కొండల్లో కదా. తప్పిపోయిన తూటా కొండకు తగిలి ఆగుతుంది. మీ వైపు నేల అరచేయిలా ఉంటుంది. ఈ తూటా తోడేలులోంచి దూరి, అవతల ఇంకేముంటే దాంట్లోంచీ దూరిపోతుంది. రాత్రి దీని మీద బిగించే థర్మల్ దుర్బీనులో వేడిగా ఉన్నదే తెల్లగా కనబడుతుంది. చల్లగా ఉన్నదేదీ తేలదు. దాని వెనక ఏముందో మీకు తెలియదు."

మొహిద్దీన్ మధ్యలో దూరాడు. "బాబా, ఈ గుళ్ళ తుపాకీ బాగుంది. ఇదే తీసుకుందాం."

"తుపాకుల గురించి నీకేం తెలుసు?"

"ఏమీ తెలియదు, బాబా."

అబూ సాలెహ్ పకపకా నవ్వాడు. త్రీ నాట్ ఎయిట్‌ను దింపించి భుజానికి ఆనించి చూసుకున్నాడు. బావమరిది కొండల్లోంచి పంపే వీడియోలు చూసీ చూసీ ఆయన కడుపు ఎన్నేళ్ళుగా మండుతోందో ఆ పట్టుకోవడంలోనే తెలిసిపోయింది. చిన్నది కొంటే బావమరిది ఎగతాళి చేస్తాడు. ఆ పెద్ద తుపాకీ కొనడానికి ఇంతకు మించిన కారణం లేదు. ఇంత వయసొచ్చిన మనిషికి ఇదేం పంతమని మొహిద్దీన్‌కు ఒళ్ళు మండింది, కానీ మండి ఏం లాభం?

చూసి చూసి ముసలాయన అడిగాడు. "ఆ కాపరి రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటాడు?"

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. గొర్రెల మధ్యలో పడుకుంటాడు బాబా, అని ఒక్క ముక్క చాలు. కానీ ఆ ముక్క చెబితే ఆయన మరుక్షణం ఏమడుగుతాడు? మంద మధ్యలో మనిషి పడుకుని ఉంటే తోడేలు ఎలా వచ్చిందిరా అని అడగడూ? మొహిద్దీన్ చూపు తిప్పుకుని అన్నాడు.

"ఖైమాలో, బాబా. మంచం మీద. ఒకసారి పడుకుంటే మళ్ళీ తెల్లారాకే లేవడం."

"సోమరి వెధవ" అన్నాడు అబూ సాలెహ్, సంతోషంగానే. తుపాకీ పెట్టెలో పెట్టించాడు.

కారెక్కించాక మొహిద్దీన్ పక్కకు పోయి భూషణానికి ఫోన్ చేశాడు.

"భూషణం, చెప్పేది బాగా విను. ఈ పొద్దు నుంచీ నువ్వు ఖైమాలోనే పండుకోవల్ల. మంచం మీద. ఆకాశం ఇరిగిపడినా బయటికి రాగూడదు."

"ఎందుకన్నా?"

"ముసలాయన తుపాకీ తీసుకోని వస్తాండాడు. ఆ తోడేలు కోసరం."

"తోడేలు లేదు గదా అన్నా?"

"ల్యాదు కాబట్టే చెప్తాండా! నా మాట ఇను."

"గా ఎర్రమచ్చ తల్లి ఇయ్యాలో రేపో ఈనేటట్టుందన్నా. దానికి మొదటి కాన్పు."

"ఈననీలే. అడవిలో జింకలు ఈనడంల్యా? నువ్వు బయటికొస్తే నా మీద ఒట్టు."

"సరే అన్నా. నువ్వు చెప్పినంక ఇంకేముంది."

వాడు మాట తప్పే మనిషి కాదని మొహిద్దీన్ గుండె కొంచెం కుదుటపడింది. ఆ సాయంత్రం బయల్దేరేటప్పుడు ఖాసింబీ ఫ్లాస్కులో టీ పోసిచ్చి, చెయ్యి వదలకుండా నిలబడింది.

"ఇప్పుడన్నా చెప్పెయ్యి. పంపితే పంపనీ, ఇద్దరమూ పోదాం. ఎవురి ఉసురన్నా తగిలితే మనం బతికినన్నాళ్ళూ నిద్ర పోగలమా?"

"దావలో చెప్తాలే" అన్నాడు.

దారిలో చెప్పలేదు. ముసలాయన దారి పొడుగునా చిన్నప్పటి పాటలు కూనిరాగం తీస్తూ, తుపాకీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. అంత సంతోషంలో ఉన్న మనిషికి ఎలా చెప్పడం? మొహిద్దీన్ ఒక్కో మలుపు దగ్గరా ఇప్పుడు చెబుదాం అనుకున్నాడు. తర్వాత మలుపులు కూడా అయిపోయాయి.

చీకటి పడ్డాక, గాలికి ఎదురుగా ఉండాలని అబూ సాలెహ్ మంద చుట్టూ బండిని పెద్దగా తిప్పించాడు. లైట్లు ఆర్పించి చిన్న మెరక మీద బండి ఆపించాడు. ఆ తిప్పడంలో ఖైమా ఏ పక్కనుందో మొహిద్దీన్‌కు గుర్తు తప్పింది. చలి ఎముకలు కొరుకుతోంది. ముసలాయన బానెట్ మీద దిండు వేసి, దాని మీద తుపాకీ ఆనించాడు. దుర్బీనులో కనబడేది ఫోన్‌లో కూడా వస్తుందని, ఆ ఫోన్ మొహిద్దీన్ చేతికిచ్చి, సీట్లో కూర్చుని చూస్తూ ఉండమన్నాడు.

ఫోన్‌లో లోకమంతా బూడిద రంగు. మధ్యలో గొర్రెలు తెల్లటి ముద్దలు. చాలాసేపు ఏమీ లేదు. మొహిద్దీన్ మనసులో దువా చదువుకుంటూ కూర్చున్నాడు, దేవుడా ఈ రాత్రి ఖాళీగా గడిచిపోనీ అని.

కంచె అవతల, మందకు కాస్త దూరంగా, ఏదో కదిలింది.

నేలకు ఆనుకుని ఉంది. నాలుగు కాళ్ళ మీద మెల్లగా పాకుతోంది. ఒళ్ళంతా తెల్లగా లేదు, తల దగ్గరా కాళ్ళ దగ్గరా మాత్రమే తెల్ల మరకలు. ఒక ఒంటరి గొర్రె వైపు పోయింది.

"వచ్చింది" అన్నాడు అబూ సాలెహ్.

ఏం చెప్పను మొహిద్దీన్ బుద్ధిని! ఆ క్షణంలో అతనికి భయం వేయలేదు. సంతోషం వేసింది. నిజంగానే తోడేలు వచ్చింది! తను అబద్ధం చెప్పలేదన్నమాట! భూషణం ఖైమాలో ఉన్నాడు, తను ఒట్టు కూడా వేయించాడు. ఇక్కడున్నది తోడేలే అయి ఉండాలి. కాల్చెయ్యి బాబా, కాల్చి పారెయ్యి, దీంతో నా పీడా విరగడైపోతుంది. ఇవన్నీ అతను నిజంగానే అనుకున్నాడు.

గొర్రె పక్కన చిన్న తెల్లటి ముద్ద ఒకటి కొత్తగా కనబడింది, వేడి వేడిగా, మెరుస్తూ. పాకుతున్నది దాని మీదికి వంగింది. నోరు దాని మూతి మీద పెట్టింది.

"పిల్లను తింటోంది" అన్నాడు ముసలాయన. సేఫ్టీ తీసిన చప్పుడు టక్కున వినిపించింది.

నోరు పెట్టింది, ఎత్తింది. మళ్ళీ పెట్టింది, ఎత్తింది.

మొహిద్దీన్‌కు పోయిన నెల గుర్తొచ్చింది. అప్పుడే పుట్టి ఊపిరాడని గొర్రెపిల్ల ముక్కుకు భూషణం నోరు పెట్టి, జిగురు పీల్చి ఊసి, లోపలికి గాలి ఊదాడు. చూసి తనకు వాంతి వచ్చినంత పనయింది. ఛీ, ఏం మనిషివప్పా అని ఏడిపించాడు. మా అయ్య గిట్లనే జేస్తుండె అన్నా, ఊదితె పానం వస్తది, అని వాడు మూతి తుడుచుకుంటూ నవ్వాడు.

"బాబా, వద్దు! అది మనిషి!"

"మనిషి ఖైమాలో ఉన్నాడు. నువ్వే చెప్పావు" అన్నాడు అబూ సాలెహ్, కన్ను తీయకుండా. "అరవకు, పారిపోతుంది."

ఇక మాటలతో అయ్యే పని కాదు. మొహిద్దీన్ హెడ్‌లైట్లు ఒక్కసారిగా వేసి, హారన్ మీద రెండు చేతులూ పెట్టి నొక్కేశాడు. ముసలాయన అదిరిపడ్డాడు. తుపాకీ పేలింది. ఆ చప్పుడు ఎడారంతా పరుచుకుంది. గొర్రెలు ఒక్కటిగా లేచి కంచెకు కొట్టుకున్నాయి.

వెలుతురులో భూషణం నిలబడి ఉన్నాడు. నెత్తిన గొంగడి, చేతుల్లో తడితడి గొర్రెపిల్ల, మూతి చుట్టూ జిగురు. కళ్ళు చికిలించి బండి వైపు చూస్తున్నాడు. పిల్ల బతికి, సన్నగా అరిచింది.

అబూ సాలెహ్ తుపాకీ బానెట్ మీదే వదిలేసి ఇసకలో కూర్చుండిపోయాడు. మొహిద్దీన్ దిగి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని అంతా చెప్పేశాడు, బార్లీ సంగతి, దిబ్బల సంగతి, తోడేలు సంగతి, పడక సంగతి. వచ్చీరాని అరబ్బీలో, మధ్యమధ్య తెలుగులో, ఏడుస్తూ.

"రెండు గొర్రెల కోసమా?" అన్నాడు ముసలాయన చివరికి. "రెండు గొర్రెల కోసం నాచేత మనిషిని చంపించబోయావా?"

"జావీద్‌ను ఒక్క గొర్రెకే పంపేశావు కదా, బాబా."

అబూ సాలెహ్ ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "ఈ వైపు తోడేలు లేదని నాకూ తెలుసు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. నువ్వు ఉందన్నావు. నాకు ఉంటే బాగుండుననిపించింది."

ఆయన లేవడానికి చెయ్యి చాపితే భూషణమే వచ్చి పట్టుకున్నాడు, పిల్లను రెండో చంకలో పెట్టుకుని. ముసలాయన ఆ చెయ్యి వదల్లేదు. చలిలో వద్దు, లోపలికి పదండి అని ఇద్దరితో అన్నాడు.

ఖైమా సరిగ్గా భూషణం నిలబడిన చోటుకు వెనకాలే ఉంది. చీకట్లో, ఆ దుర్బీనులో, ఎవరికీ కనబడనిది అదే. లోపల లాంతరు వెలిగించాక ముందు అబూ సాలెహ్ చూశాడు, తర్వాత మొహిద్దీన్ చూశాడు. ఈ వైపు గుడ్డకు వేలు పట్టేంత చిల్లు. ఇనుప మంచం మీద దిండు పగిలి, దూది బయటికొచ్చి ఉంది. ఆ వైపు గుడ్డకు ఇంకో చిల్లు. అవతల ట్యాంకులోంచి నీళ్ళు ఇసకలోకి కారుతున్న చప్పుడు. దిండు మీద తల పెట్టిన గుంట ఇంకా అలాగే ఉంది.

భూషణం ఆ దిండు వైపు చూడనే లేదు. మొహిద్దీన్ ముఖం చూసి తలొంచుకున్నాడు.

"నువ్వు చెప్పినట్టే ముందుగాల గీడనే పండుకున్న అన్నా. నిద్ర గూడ పట్టింది. తల్లి ఒర్రుడు విన్నంక ఆగలేకపోయిన. ఒట్టు తప్పిన, నన్ను మాఫ్ జెయ్యి."

మొహిద్దీన్ వాడి రెండు చేతులూ, వాటిలో ఉన్న గొర్రెపిల్లతో సహా, గుండెకు అదుముకుని భోరుమన్నాడు.